నీడను చూసి పోల్చుకునే చదువు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి జ్ఞాపకాలు రాయాలా, ఇంజినీరుగా నాకు తెలిసిన విషయం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే నలుగురైదుగురు ఉన్నారు. అందుకని గత పదేళ్లుగా నాకు అంటుకున్న ఒక పిచ్చి గురించి రాస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత పోస్టర్లు సేకరించడం ఆ పిచ్చి. అందులోనూ, ఆకాశంలో పోయే విమానం మనదా, శత్రువుదా అని పోల్చుకోవడం నేర్పే పోస్టర్లు. మందమర్రికీ వీటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. చివరిదాకా చదివితే సంబంధం ఉందని ఒప్పుకుంటారు.

ముందు ఆ పోస్టరు ఎలా ఉంటుందో చెబుతాను. తెల్ల కాగితం మీద నల్లని ఆకారాలు. ఒక్కో విమానానికి మూడు బొమ్మలు: ఎదురుగా వస్తున్నప్పుడు, పక్క నుంచి పోతున్నప్పుడు, నెత్తి మీద ఉన్నప్పుడు ఎలా కనబడుతుందో. లోపల గీతలు ఉండవు, రంగులు ఉండవు. ఎందుకంటే పగటి ఆకాశం వెలుగులో దూరంగా ఉన్న విమానం రంగు కంటికి ఆనదు, నల్లని నీడలాగే కనిపిస్తుంది. కాబట్టి బొమ్మ గీసినవాళ్లు కూడా నీడనే గీశారు. కింద పేరు, రెక్కల పొడవు, ఒకటి రెండు గుర్తులు. అంతే. అనవసరమైన గీత ఒక్కటి కూడా లేకపోవడం వల్లనే ఇవి ఈరోజు కళాఖండాలుగా గోడలకెక్కుతున్నాయి. గీసినవాళ్లకు కళ సంగతి పట్టలేదు. వాళ్ల తొందర వేరు.

ఆ తొందర ఎంతో లెక్క వేసి చూద్దాం. గంటకు 300 మైళ్ల వేగమంటే నిమిషానికి 5 మైళ్లు. విమానం 3 మైళ్ల దూరంలో కంటికి కనబడిందనుకుంటే, అది మన నెత్తి మీదికి రావడానికి పట్టేది 36 సెకన్లు. ఆ 36 సెకన్లలో తుపాకి దగ్గరున్న మనిషి అది ఎవరిదో తేల్చుకోవాలి, గురి చూడాలి, కాల్చాలి లేదా ఆగాలి. శత్రువును వదిలేస్తే ఊరి మీద బాంబులు పడతాయి. తొందరపడితే సొంత మనిషి చస్తాడు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది 1939 సెప్టెంబరు 3న. సరిగ్గా మూడు రోజులకు, సెప్టెంబరు 6న, బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలు తమ సొంత హరికేన్ విమానాలనే శత్రువులనుకొని కూల్చాయి. ఒక యువ పైలట్ చనిపోయాడు. చరిత్రలో దీన్ని బార్కింగ్ క్రీక్ పోరాటం అంటారు. ఆ పోరాటంలో శత్రువు అసలు లేనే లేడు. 1943 జులై 11 రాత్రి సిసిలీ దగ్గర అంతకంటే ఘోరం జరిగింది. పారాచూట్ సైనికులను తీసుకుపోతున్న 144 అమెరికన్ విమానాల మీద సొంత ఓడలు, సొంత తుపాకులే కాల్పులు జరిపాయి. 23 విమానాలు కూలిపోయాయి. ఆ తర్వాతి ఏడాది జూన్ 6న నార్మండీ తీరంలో దిగేటప్పుడు మిత్రరాజ్యాల విమానాల రెక్కల మీద నలుపు, తెలుపు పట్టీలు వెడల్పుగా పూయడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

పోస్టర్ల ఆలోచన మాత్రం అంతకంటే పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రిటన్ ప్రభుత్వం ప్రజలకు హెచ్చరికగా ఒక పోస్టరు వేసింది. దాని మీద బ్రిటిష్ విమానాలు, ఎయిర్‌షిప్పుల నీడలు, వాటితో పాటు జర్మనీవి. ఇవి చూసి గుర్తుపెట్టుకోండి, జర్మన్ విమానం కనబడితే వెంటనే దగ్గర్లోని ఇంట్లోకి పొండి అని దాని సారాంశం. రెండో యుద్ధం నాటికి ఇది ఒక పెద్ద చదువే అయింది. ‘ఏరోప్లేన్ స్పాటర్’ అనే పత్రిక 1941 జనవరిలో మొదలైంది. పెంగ్విన్ వాళ్లు అదే ఏడాది విమానాల గుర్తింపు మీద చిన్న పుస్తకం వేశారు. అమెరికాలో పేక ముక్కల మీద కూడా విమానాల నీడలు అచ్చు వేశారు. సైనికులు ఖాళీ సమయంలో పేకాడుతూనే పాఠం నేర్చుకోవాలని.

బడి సంచిక కాబట్టి ఒక బడి ముచ్చట చెప్పాలి. 1942 మొదట్లో అమెరికా నౌకాదళం దేశంలోని హైస్కూళ్లను ఒక కోరిక కోరింది. 50 రకాల విమానాలకు, ఒక్కో రకానికి 10,000 చొప్పున, మొత్తం 5 లక్షల చెక్క నమూనాలు పిల్లలు తయారు చేసి ఇవ్వాలి. కొలత అసలులో 72వ వంతు. ఈ 72 అంకె వెనక చక్కటి లెక్క ఉంది. 35 అడుగుల దూరంలో పెట్టిన నమూనా, 2,520 అడుగుల దూరంలో, అంటే దాదాపు అర మైలు దూరంలో ఉన్న అసలు విమానమంత కనబడుతుంది. తరగతి గది ఒక మూల నుంచి ఇంకో మూలకు చూస్తే చాలు, ఆకాశంలో చూసినట్టే. వడ్రంగం క్లాసులో పిల్లలు చెక్కి, నల్ల రంగు వేసి పంపిన బొమ్మలతో సైనికులు పాఠాలు నేర్చుకున్నారు.

నేర్పే పద్ధతి మీద కూడా వాదం నడిచింది. మొదట్లో రెక్కలు, ఇంజిన్, మొండెం, తోక అని నాలుగు భాగాలుగా విడగొట్టి బట్టీ పట్టించేవారు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే శామ్యూల్ రెన్షా ఇది పనికిరాదన్నాడు. బొమ్మను తెర మీద రెప్పపాటు కంటే తక్కువ సేపు చూపించి, మొత్తం ఆకారాన్ని ఒకేసారి పట్టుకునేలా కంటికి తర్ఫీదు ఇచ్చాడు. ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజం. మందమర్రి మార్కెట్లో ముందు పోతున్న మనిషిని వెనక నుంచి చూసి, ఫలానా సారు పోతున్నారని సైకిల్ దిగి నిలబడేవాళ్లం. ముక్కు, చెవి విడివిడిగా చూసి పోల్చుకున్నామా? నడక చూస్తే తెలిసిపోయేది.

ఇక మన తెలుగు నేల సంగతి. యుద్ధం ఎక్కడో యూరప్‌లో జరిగిందని మనం అనుకుంటాం. 1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, ఒజావా అనే అడ్మిరల్ నాయకత్వంలో బంగాళాఖాతంలోకి వచ్చిన నౌకల్లోని ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి నకజిమా కంపెనీ చేసిన బాంబర్లు. మిత్రరాజ్యాలవాళ్లు తర్వాత వీటికి ‘కేట్’ అని పేరు పెట్టుకున్నారు. జపాన్ పేర్లు నోరు తిరగక, ఫైటర్లకు మగవాళ్ల పేర్లు, బాంబర్లకు ఆడవాళ్ల పేర్లు పెట్టే పద్ధతి అది. గుర్తింపు పోస్టర్ల మీద మనకు కనబడేవి ఈ పేర్లే.

ఆ దాడితో తీరమంతా ఖాళీ అయింది. జనం మూటాముల్లె కట్టుకొని లోపలి ఊళ్లకు పోయారు. మద్రాసు నగరం నుంచి కూడా లక్షలాది మంది తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని యుద్ధకాలంలో విశాఖ నుంచి గుంటూరుకు మార్చారు. విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఆనాడు పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఇప్పటికీ ఉంది. ఉద్యోగరీత్యా విశాఖలో ఉన్న రోజుల్లో మా పిల్లలను తీసుకుపోయి చూపించాను. ఈ పిచ్చికి బీజం పడింది అక్కడే. ఆ బాంబు వేసిన విమానం కింది నుంచి చూసినవాళ్లకు ఎలా కనబడి ఉంటుందని మా చిన్నది అడిగింది. జవాబు వెతుక్కుంటూ పోతే ఈ పోస్టర్లు దొరికాయి.

మన హైదరాబాద్ రాజ్యానికీ ఇందులో పాత్ర ఉంది. అప్పటికి మన ఆదిలాబాద్ జిల్లా నిజాం ఏలుబడిలోనిదే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరుతో స్క్వాడ్రన్లు నడిచాయి. మొదటి యుద్ధంలో 110వ స్క్వాడ్రన్ విమానాలన్నీ ఆయన కానుకే. 1918లో ఫ్రాన్స్‌కు పోయిన ఆ విమానాల మీద నిజాం పేరు రాసి ఉండేది. వాటిలో ఒకటి, ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’, ఆ ఏడాది అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు పోలండ్‌లోని క్రాకోవ్ మ్యూజియానికి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడది లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతో స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నం నిజాం తలపాగా. 253వ స్క్వాడ్రన్ హైదరాబాద్ స్టేట్ పేరుతో హరికేన్లు నడిపింది. 110వ స్క్వాడ్రన్ యుద్ధం మొదట్లో నడిపినవి బ్లెనీమ్ బాంబర్లు. దూరం నుంచి చూస్తే ఈ బ్లెనీమ్, జర్మన్ల జంకర్స్ 88 ఒకే పోలిక. బ్రిటిష్ తుపాకులు తమ బ్లెనీమ్‌ల మీదే కాల్చిన సందర్భాలున్నాయి. అందుకే చాలా పోస్టర్లలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించారు. ఆ జంట బొమ్మ చూసినప్పుడల్లా నాకు మన హైదరాబాద్ పేరే గుర్తొస్తుంది.

బర్మా సరిహద్దులో ఇంకో చిక్కు వచ్చింది. బ్రిటిష్ విమానాల గుర్తు నీలం, తెలుపు వలయాల మధ్య ఎర్రని చుక్క. జపాన్ గుర్తు ఎర్రని సూర్యబింబం. తొందరలో చూసే కంటికి ఎరుపు కనబడితే చాలు, జపాన్‌దే అనిపిస్తుంది. అందుకని మన వైపు తిరిగే విమానాల గుర్తుల్లో ఎరుపు తీసేశారు. అమెరికా కూడా 1942 మేలో తన నక్షత్రం మధ్యలోని ఎర్ర చుక్కను తొలగించింది. సేకరించేవాళ్లకు ఇది పనికొచ్చే విషయం. పోస్టరు మీద విమానం గుర్తులో ఎరుపు ఉందా లేదా అన్నది చూసి అది ఏ కాలానిదో ఒక అంచనాకు రావచ్చు.

సేకరణ గురించి నాలుగు మాటలు. ఈ పోస్టర్లు వేలల్లో అచ్చయ్యాయి, మిగిలినవి కొద్ది. కొత్త రకం విమానం రాగానే పాత షీటు పనికిరాదు, తీసేసి కొత్తది అంటించేవారు. యుద్ధకాలంలో కాగితానికి కరువు, పాత కాగితమంతా గుజ్జుకు పోయేది. మిగిలినవి కూడా గోడకు కొట్టినవే కాబట్టి మూలల్లో మేకుల రంధ్రాలు, తుప్పు మరకలు, మడత గీతలు ఉంటాయి. మచ్చ లేని ‘అసలు’ పోస్టరు ఎవరైనా చూపిస్తే ముందు అనుమానించాలి.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. నా మొదటి పోస్టరు ఒక దుకాణంలో కొన్నాను. 1943 నాటిదని చెప్పారు, నా అప్పటి నెల జీతంలో చెప్పుకోదగ్గ భాగం తీసుకున్నారు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. ప్రింటింగ్ ప్రెస్ నడిపే స్నేహితుడు ఇంటికొచ్చి, జేబులోంచి భూతద్దం తీసి ఒక నిమిషం చూసి, “ఇది మొన్నటిది” అన్నాడు. ఆనాటి లితో అచ్చులో నలుపంటే నిండు నలుపు, సిరా కాగితంలోకి ఇంకి ఉంటుంది. నా దాంట్లో ఆ నలుపు రంగురంగుల చిన్న చుక్కలతో అయింది. కంప్యూటర్ ప్రింటు. స్పిట్‌ఫైర్‌ను, హరికేన్‌ను రెక్క చూసి పోల్చగలిగినవాణ్ని, అసలు కాగితాన్ని నకిలీ నుంచి పోల్చుకోలేకపోయాను.

రెండోది హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాల బజారులో, ఒక చిరిగిన అట్లాసులో మడిచి దొరికింది. జపాన్ విమానాల నీడ బొమ్మల షీటు. దానికి మేకు రంధ్రాలున్నాయి, మధ్యలో మడత దగ్గర చిరిగింది. ఎనిమిది బొమ్మల పక్కన ఎవరో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్నారు. రెండింటి పక్కన టిక్కు లేదు, ప్రశ్న గుర్తు ఉంది. అంటే ఎవరో కుర్రాడు దీని ముందు కూర్చొని చదువుకున్నాడు. ఎనిమిది వచ్చాయి, రెండు రాలేదు. కాగితాలు బాగు చేసేవాళ్లకు చూపిస్తే, ఆ పెన్సిల్ గీతలు చెరిపి శుభ్రం చేస్తే ధర పెరుగుతుందన్నారు. వద్దన్నాను. నా దృష్టిలో దాని విలువంతా ఆ టిక్కుల్లోనే ఉంది.

ఆ రాత్రి ఆ షీటు బల్ల మీద పరిచి చూస్తుంటే నాకు మా బాపు జ్ఞాపకం వచ్చాడు. మందమర్రికీ వీటికీ ఉన్న సంబంధం ఇక్కడే ఉంది.

బాపు కేకే బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, చదువుకొని, గ్యాస్ టెస్టింగ్ పరీక్ష పాసై, సర్దార్ అయినవాడు. ఆ పరీక్ష కోసం తెచ్చుకున్న ఒక చార్టు మా క్వార్టర్‌లో గోడకు ఉండేది. మన పిల్లల్లో చాలామంది ఇండ్లలో అలాంటివి ఉండే ఉంటాయి. దాని మీద వరుసగా సేఫ్టీ లాంప్ మంటల బొమ్మలు. బాయిలో దీపం వత్తి తగ్గించి చూస్తే, గాలిలో మీథేన్ ఉన్నప్పుడు మంట మీద లేత నీలి టోపీ లాగా ఒకటి లేస్తుంది. గ్యాస్ శాతం పెరిగేకొద్దీ ఆ టోపీ ఎత్తు పెరిగి త్రికోణమవుతుంది. ఒకటింపావు శాతం దాటితే మనుషులను బయటికి పంపాలి. 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. కనబడీ కనబడని ఆ నీలి నీడను చీకట్లో చూసి, పని ఆపాలా, కొనసాగించాలా అని తేల్చాలి. ఊరికే ఆపితే పై అధికారులతో మాట పడాలి. ఆపకపోతే ఏమవుతుందో మన ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బాపు రాత్రిపూట ఆ చార్టు ముందు కూర్చొని, బొమ్మల కింది అంకెలను చేత్తో మూసి, శాతం చెప్పి, చెయ్యి తీసి సరిచూసుకునేవాడు. కొన్నింటి పక్కన ఆయన కూడా పెన్సిల్ గీతలు పెట్టుకున్నాడు. “దీపం ఎప్పుడూ అబద్ధమాడదు బిడ్డా, మనకే చూసుడు రావాలె” అనేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, జూన్‌లో పుస్తకాలకు అట్టలు వేసుకునేటప్పుడు, దళసరి కాగితం దొరక్క ఆ చార్టు పీకి సైన్సు నోట్సుకు అట్ట వేసుకున్నాను. బాపు అప్పటికి పరీక్ష పాసయ్యాడు. చూసి నవ్వి ఊరుకున్నాడు. మన సైన్సు సారు మాత్రం ఊరుకోలేదు. నోట్సు దిద్దుతూ అట్ట చూసి, నన్ను లేపి, “ఇదేందో క్లాసుకు చెప్పు” అన్నారు. నాకు తెలిసింది నాలుగు ముక్కలు చెప్పాను. సారు ఆ రోజు పాఠం పక్కన పెట్టి గంటంతా మీథేన్ గురించి, డేవీ దీపం గురించి చెప్పారు. తరగతిలో ముప్పావు వంతు మంది బాయి పనివాళ్ల పిల్లలమే. మా నాయనలు రోజూ లోపల ఏం చూస్తారో మాకు మొదటిసారి తెలిసింది ఆ గంటలోనే. 1986లో పదో తరగతి పాసై బయటికి వచ్చిన నేను ఇంజినీరింగు వైపు పోవడానికి ఒక కారణం వెతుక్కోవాలంటే, ఆ అట్ట దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ నోట్సు ఏమైంది? సంవత్సరం చివర పాత పుస్తకాలతో కలిపి తక్కెడలో తూచి అమ్మేశాను. వచ్చిన పైసలతో ఏం కొనుక్కున్నానో గుర్తు లేదు. నలభై ఏళ్ల తర్వాత, ముక్కూమొహం తెలియని ఒక కుర్రాడి పెన్సిల్ టిక్కులున్న కాగితాన్ని అద్దం వెనక భద్రపరిచాను. మా బాపు పెన్సిల్ గీతలున్న కాగితాన్ని నా చేతులతోనే కిలోల లెక్కన అమ్ముకున్నాను. బాపు ఇప్పుడు లేడు. మళ్లీ అలాంటి చార్టు ఎక్కడైనా దొరకవచ్చు, ఆ గీతలు మాత్రం దొరకవు.

లండన్‌లో, వాషింగ్టన్‌లో మ్యూజియాలవాళ్లు యుద్ధకాలపు కాగితం ముక్కను కూడా నంబరు వేసి దాచుకుంటున్నారు. మన బెల్టులో కాగితం తక్కువేమీ కాదు. బాయి ముఖం దగ్గర రక్షణ బోర్డులు, ట్రైనింగ్ సెంటర్లలో గోడ చార్టులు, రక్షణ వారోత్సవాల పోస్టర్లు, లాంప్ రూమ్ టోకెన్లు, తట్టాచెమ్మస్ కాలం నాటి హాజరు కార్డులు. ఇప్పుడు గ్యాస్ చూడడానికి అంకెలు చూపించే యంత్రాలు వచ్చాయి. మంచిదే. అయితే మంటను చూసి శాతం చెప్పగలిగిన కళ్లు రిటైరై వెళ్లిపోతున్నాయి, ఆ కళ్లకు చదువు చెప్పిన కాగితాలు చిత్తుకు పోతున్నాయి.

అందుకని మిత్రులకు, గురువులకు నాదొక విన్నపం. మీ ఇంట్లో అటక మీద, ట్రంకుపెట్టె అడుగున అలాంటివి ఏమున్నా పారేయకండి. చిరిగినా, మరకలున్నా, రాతలున్నా సరే, రాతలుంటే మరీ మంచిది. వాటి వెనక పెన్సిల్‌తో ఎవరిది, ఏ బాయి, ఏ సంవత్సరం అని చిన్నగా రాసి పెట్టండి. ప్లాస్టిక్ లామినేషన్ మాత్రం చేయించకండి, కాగితం లోపలే పాడైపోతుంది. స్వర్ణోత్సవం నాడు తీసుకురండి. మన బడిలో ఒక గదికి ఒక గోడ ఇస్తే చాలు, అద్దాల ఫ్రేములు కట్టించే ఖర్చు నాది. నా జపాన్ విమానాల షీటు కూడా ఆ గోడకే ఇస్తాను. దాని పక్కన మా బాపు చార్టుకు పట్టేంత జాగా ఖాళీగా వదలండి. మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటిది దొరికితే అక్కడ పెడదాం.